తేలికపాటి తుపాకీ

శనివారం పొద్దున కారులోంచి కిరాణా సంచులు దించుతుంటే పక్కింటి గ్యారేజీలోంచి ఒక వాసన వచ్చింది. బాగా మాగిన అరటిపండూ కిరసనాయిలూ కలిసినట్టుండే ఆ వాసన, తుపాకీ గొట్టాన్ని శుభ్రం చేసే మందుది. ఆష్‌బర్న్‌లో మా వీధికి అలవాటైన వాసనలు వేరు: కోసిన గడ్డి, ఎవరింట్లోనో మాడిన పోపు, డేటా సెంటర్ల వెనక జనరేటర్లు పరీక్షించే రోజున డీజిలు. ఇది వాటిలో లేదు. పక్కింటాయన మడత బల్ల మీద పాత తువ్వాలు పరిచి, సన్నటి చిన్న తుపాకీ ఒకటి పెట్టుకుని తుడుస్తున్నాడు. నన్ను చూసి చెయ్యి ఊపాడు. వాళ్ళమ్మాయికి కొన్నానని, ఈసారి కుందేళ్ళ వేటకి తీసుకెళ్తానని, చాలా తేలికని, కావాలంటే పట్టుకుని చూడమని అన్నాడు. మంచి మనిషే. నేను మాత్రం సంచులు అక్కడే దింపేసి ఇంట్లోకి వెళ్ళి, సింకు దగ్గర నిలబడి చాలాసేపు చేతులు కడుక్కున్నాను. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంటుంది గానీ, ఆ వాసనంటే నాకు ఎంత భయమో అంత ఇష్టం. అది మా నాన్న ఆదివారాల వాసన.

నేను పెరిగింది వెస్ట్ వర్జీనియా కొండల మధ్య, బొగ్గు గనులున్న ఒక చిన్న ఊళ్ళో. ఒక నది, దాని పక్కన రైలు పట్టాలు, పట్టాల పక్కన ఒకే ఒక్క రోడ్డు, రోడ్డుకి అటూ ఇటూ ఇళ్ళు, వాటి వెనక గోడల్లా నిలబడ్డ కొండలు. శీతాకాలంలో పది దాటితే గానీ ఎండ మా వాకిట్లోకి దిగేది కాదు. ఆరేసిన బట్టల మీద సన్నటి నల్ల పొడి పడుతుందని అమ్మ ఏడాది పొడుగునా తిట్టుకునేది. సెప్టెంబరు వచ్చేసరికి నల్ల వాల్‌నట్ కాయలు దబదబ రాలేవి. వాటి తొక్కలు ఒలిచి ఒలిచి మా ఊరి పిల్లలందరి వేళ్ళూ గోరింటాకు ముదిరి నల్లబడ్డట్టు అయిపోయేవి, ఎన్నాళ్ళు కడిగినా పోయేవి కావు. అక్టోబరులో చర్చి వెనక పెద్ద రాగి కాగుల్లో ఆపిల్ ముద్ద ఉడికించేవాళ్ళు, దాని పొగ స్కూల్ దాకా వచ్చేది. ఆ ఊరికి ఒక ఆసుపత్రి, ఆ ఆసుపత్రికి ఒకే ఒక్క సర్జన్. ఆ సర్జన్ మా నాన్న. తెలుగు వాళ్ళం మేమొక్కళ్ళమే కాబట్టి మా ఇంట్లో ఏం జరిగితే అదే ఊరందరికీ తెలుగు వాళ్ళ ఆచారం.

నాన్న చేతులు మా ఇంట్లో విడిగా ఇంకో మనిషితో సమానం. వాటికి ఉన్న మర్యాదలు నాకు లేవు. నాన్న కొబ్బరికాయ కొట్టకూడదు, అమ్మ కొట్టాలి. నాన్న కత్తిపీట ముందు కూర్చోకూడదు, సీసా మూత బిగుసుకుంటే తిప్పకూడదు, కారు తలుపు వెయ్యకూడదు. చలి మొదలైతే అమ్మ ఆయన చేతులకి నువ్వుల నూనె రాసి ఉన్ని తొడుగులు తొడిగేది. టీవీలో వార్తలు వస్తుంటే ఆయన సోఫా చేతికి దారం చుట్టి, చూడకుండా, ఒక్క ఎడం చేత్తోనే ముడి మీద ముడి వేస్తూ కూర్చునేవాడు. మా సోఫా చెయ్యి ఎప్పుడూ తెల్ల ముళ్ళతో నిండి ఉండేది. ఆ చేతులతోనే ఆదివారం మధ్యాహ్నం నాకు జడ వేసేవాడు. అమ్మ వేసిన జడ సాయంత్రానికి వదులైపోయేది. నాన్న వేసింది మర్నాడు స్కూల్లో ఆడి వచ్చాక కూడా వెంట్రుక కదిలేది కాదు. చెవి వెనక పాయ తీసుకునేటప్పుడు ఎడం చేతి వేళ్ళు మెడకి చల్లగా తగిలేవి. అంత సుఖం నేను మళ్ళీ ఎరగను.

ఇంత భద్రంగా చూసుకునే మనిషికి వేట పిచ్చి పట్టించినవాడు ఎర్ల్. మా ఇంటికి రెండిళ్ళ అవతల ఉండేవాడు, గనిలో చేసి రిటైరయ్యాడు, మాట్లాడితే మధ్యలో దగ్గుతాడు. నాన్న అతనికి పిత్తాశయం ఆపరేషన్ చేశాక, ఆ కృతజ్ఞతతో ఒకరోజు రెండు కుందేళ్ళు తెచ్చి మా వంటింటి గుమ్మంలో పెట్టి వెళ్ళాడు. అమ్మ హడలిపోయింది. నాన్న మొహం మాత్రం వెలిగిపోయింది. ఆయన పుట్టింది పల్నాడులో. చిన్నప్పుడు పొలాల్లో కుందేళ్ళకీ కౌజు పిట్టలకీ ఉచ్చులు పన్నిన రోజులు ఒక్కసారిగా గుర్తొచ్చాయి కాబోలు, తనే చొక్కా చేతులు మడుచుకుని వాటిని శుభ్రం చేశాడు. అమ్మ గసగసాలూ కొబ్బరీ నూరి, కారం దండిగా వేసి, ముక్కు మూసుకుంటూనే వండింది. మూడో ముద్దకి ముక్కు వదిలేసింది. ఆ తర్వాత ఎర్ల్‌తో నాన్న కొండెక్కడం మొదలైంది, తనకంటూ ఒక తుపాకీ కావాలన్న ఆలోచనా మొదలైంది.

తుపాకీ కొనడానికి నాన్న పట్టినంత కాలం ఇల్లు కొనడానికి కూడా పట్టలేదని అమ్మ వేళాకోళం చేసేది. ఊళ్ళో మేకులూ పెయింటూ అమ్మే కొట్టు వెనక గదిలో తుపాకులు వరసగా నిలబెట్టి ఉండేవి. చెక్క నేల, ఇనుము, నూనె, కాఫీ వాసన. నాన్న నన్ను కూడా తీసుకెళ్ళేవాడు. ఎర్ల్ షాట్‌గన్ తీసుకోమన్నాడు: గుండ్లు చెదిరి పోతాయి కాబట్టి పరిగెత్తే కుందేలుకైనా తగిలి తీరుతుందన్నాడు. నాన్న దాన్ని ఒకసారి భుజానికి ఆనించుకుని కిందపెట్టేశాడు. బరువు. పైగా పేలినప్పుడు భుజాన్నీ మణికట్టునీ గుద్దుతుంది. మాంసంలో గుండ్లు మిగిలి పంటి కింద పడతాయి. జింకల్ని కొట్టే పెద్ద రైఫిల్ అయితే కుందేలు మీద పేలిస్తే వండటానికి ఏమీ మిగలదు. చివరికి పాయింట్ టూ టూ అన్నారు. అన్నిటికంటే చిన్న తూటా, నా చిటికెన వేలి గోరంత వెడల్పు కూడా లేదు. ఎదురుతన్ను దాదాపు లేదు, చప్పుడు తక్కువ, ఎక్కడ గురి పెడితే అక్కడే తగులుతుంది, మాంసం పాడవదు.

"ఇదైతే చేతులకి ఏమీ కాదమ్మా. చూడు, పిల్ల కూడా ఎత్తగలదు," అన్నాడు నాన్న, కొన్నాక ఇంటికొచ్చి అమ్మతో.

అందులోనూ మూడు రకాలు చూపించాడు కొట్టాయన. ఒకటి, ఒకసారికి ఒకే తూటా చేత్తో పెట్టుకునేది. నాన్నకి అది చాలదనిపించింది. ఇంకొకటి, తూటాలున్న చిన్న డబ్బీ కిందకి వేలాడేది. ఊడబెరికి చూస్తే ఎన్ని ఉన్నాయో కనిపిస్తాయి. నాన్న దాన్ని ఎత్తి పట్టుకుని, ఎడం చెయ్యి సరిగ్గా ఆనాల్సిన చోటే ఆ డబ్బీ అంచు గుచ్చుకుంటోందని పక్కన పెట్టాడు. మూడోదానికి గొట్టం కిందే ఇంకో సన్న గొట్టం. తూటాలన్నీ అందులో ఒకదాని వెనక ఒకటి బయటికి కనపడకుండా పడుకుంటాయి. చెక్క నున్నగా, ఎడం అరచేతిలో ఎక్కడా ఏదీ అడ్డం రాకుండా, అలా ఇమిడిపోయింది. నాన్న కళ్ళు మూసుకుని దాన్ని అరచేతిలో కాసేపు తూచి, ఇదే అన్నాడు. నాకా సంగతి ఇప్పటికీ మింగుడు పడదు. ఆయన ఆ తుపాకీని ఎంచుకున్నది ప్రతి మెట్టులోనూ తన చేతి కోసమే.

ఆ తర్వాత రెండు మూడేళ్ళు మా ఇంట్లో శరదృతువంటే తుపాకీ రుతువు. హికరీ చెట్ల ఆకులు పసుపు తిరిగితే ఉడతల వేట. ఉడత విషయంలో అమ్మ ససేమిరా అంది.

"రాముల వారికి వారధి కట్టిందండీ అది. దాన్ని నేను వండను, ఇంట్లోకి రానివ్వను."

"ఈ ఊరి ఉడతల వీపు మీద గీతల్లేవు చూశావా? రాముడు ఇటు రాలేదు. ఇవి వేరే పార్టీ," అన్నాడు నాన్న.

అమ్మ నవ్వింది గానీ ఒప్పుకోలేదు. ఉడతలు ఎర్ల్ ఇంటికి పోయేవి, అక్కడ పిండి పులుసులా చేసుకుని మెత్తటి రొట్టెల్లాంటి బిస్కట్ల మీద పోసుకునేవాళ్ళు. కుందేళ్ళు మా ఇంటికొచ్చేవి. నన్ను వెంట తీసుకెళ్ళిన రోజుల్లో నా పని కదలకుండా, మాట్లాడకుండా, తడి ఆకుల మీద కూర్చోవడం. మంచు కరిగి చెట్ల మీంచి బొట్లు బొట్లుగా పడుతుండేది. నాన్న నోట్లో శొంఠి ముక్క నములుతూ, అసలు ఊపిరి తీస్తున్నాడా లేదా అన్నంత నిశ్చలంగా ఉండేవాడు. ఆపరేషన్ గదిలో కూడా ఇలాగే ఉంటాడేమో అనుకునేదాన్ని. ఇంటికొచ్చాక, ఆదివారం మధ్యాహ్నం వెనక వరండాలో తుపాకీ తుడవడం, ఆ అరటిపండు వాసన, అది అయ్యాక చేతులు సబ్బుతో మోచేతుల దాకా రుద్ది కడుక్కోవడం, ఆ తర్వాత నా జడ.

ఇక దసరా. బేస్‌మెంట్‌లో అట్ట పెట్టెలు మెట్లుగా పేర్చి, మీద తెల్ల దుప్పటి పరిచి అమ్మ బొమ్మలు పెట్టేది. తొమ్మిదో రోజు ఆయుధ పూజ. అమ్మ కుట్టు మిషను, నాన్న స్టెతస్కోపు, కుట్లు వేసేటప్పుడు సూది పట్టుకోవడానికి చదువుకునే రోజుల్లో కొనుక్కున్న నీడిల్ హోల్డరు, నా సైకిలు, కారు, గ్యారేజీలో పార, అన్నిటికీ పసుపు కుంకుమ బొట్లు. అమ్మ పుట్టింటి వాళ్ళకి ఇందులో ఒక పట్టింపు ఉంది: పూజలో పెట్టిన ఏ వస్తువూ ఖాళీగా ఉండకూడదు. ఖాళీది పెడితే ఏడాదంతా ఖాళీగానే ఉంటుందట. అందుకని పర్సులో డాలరు, పెన్నులో సిరా, గిన్నెలో బియ్యం, మిషనుకి దారం. ముందు రోజే కారులో పెట్రోలు నిండా పోయించేది. ఒక సంవత్సరం మొదటిసారి తుపాకీ కూడా పూజలోకి వచ్చింది, నేనే పట్టుబట్టానో అమ్మకే తోచిందో గుర్తు లేదు. అమ్మ గంధం గిన్నె పట్టుకుని దాని ముందు ఆగిపోయింది.

"ఇది ఉత్తిదేగా?"

"ఉత్తిదే. ఇంట్లో ఉన్నప్పుడు ఎప్పుడూ ఉత్తిదే," అన్నాడు నాన్న.

"ఉత్తిది పెట్టకూడదండీ. అన్నీ నిండుగా పెట్టి అదొక్కటీ ఉత్తిది పెడితే బాగుండదు. ఒక్కటి వెయ్యండి."

"అమ్మవారికి తూటా నైవేద్యమా?"

"పండగ పూట ఎకసెక్కాలొద్దు. ఒక్కటి వెయ్యండి, రేపు తీసేద్దురు గానీ."

నాన్నకి ఇష్టం లేదు. ఆ మొహం నాకు బాగా గుర్తుంది. కానీ పూజ విషయంలో అమ్మ మాటకి ఎదురు చెప్పడం ఆయనకి అలవాటు లేదు. కింది గొట్టంలోంచి ఇత్తడి కడ్డీ పైకి లాగి ఒకే ఒక్క తూటా జారవిడిచి మళ్ళీ మూశాడు. తూటా పై గొట్టంలో కాదు, కింది గొట్టంలో ఉంది కాబట్టి ప్రమాదం లేదని తనకి తనే చెప్పుకున్నట్టు అన్నాడు. అమ్మ గొట్టం మూతి చుట్టూ గంధం రాసి, దాని మీద కుంకుమ అద్దింది. హారతి వెలుగులో అది నిజంగానే పెళ్ళికూతురిలా ఉందని నేనన్నాను. అందరం నవ్వాం.

మర్నాడు దశమి. పొద్దున్నే అమ్మ గారెలకి పప్పు రుబ్బుతుంటే ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది. కొండ మలుపులో బొగ్గు లారీ ఒకటి చర్చి వాళ్ళ వ్యాన్‌ని గుద్దింది. నాన్న స్నానం కూడా చెయ్యకుండా వెళ్ళాడు. ఆ వారమంతా ఇంటికి వచ్చింది బట్టలు మార్చుకోవడానికే. వ్యాన్‌లో ఉన్నవాళ్ళలో ఎక్కువమందిని ఆ చేతులు బతికించాయి. వాళ్ళలో ఇద్దరు నా క్లాసు పిల్లలు. గారెలు పాచిపోయాయి, బొమ్మలు పెట్టెల్లోకి వెళ్ళాయి, ఉద్వాసన చెప్పేటప్పుడు అమ్మ తుపాకీని బొట్టుతో సహా ఎత్తి బీరువాలో పెట్టేసింది. ఆ ఒక్క తూటా సంగతి ఎవరికీ గుర్తు లేదు. మా ఇంట్లో తుపాకీ ఎప్పుడూ ఉత్తిదే కదా.

ఆ తర్వాత ఆదివారం ఎండ బాగా కాసింది. నాన్న తనివితీరా నిద్రపోయి లేచి, అన్నం తిని, వెనక వరండాలో బల్ల వేసుకున్నాడు. నేను దువ్వెనా రిబ్బనూ పట్టుకుని మెట్టు మీద కూర్చున్నాను.

"ఒక్క నిమిషం బుజ్జమ్మా. మీ అమ్మ దీనికి కూడా బొట్టు పెట్టింది, తుప్పు పడుతుంది, తుడిచేసి వస్తా."

ఆయన ఎప్పుడూ చేసే పద్ధతి ప్రకారమే చేశాడు. తుపాకీ గడియ వెనక్కి లాగి లోపలికి చూశాడు. ఖాళీ. గడియ ముందుకి నెట్టి మూశాడు. ఆ మూయడంలోనే కింది గొట్టంలోని తూటా పైకెక్కి కూర్చుంటుంది. అది ఆ తుపాకీ తీరు, ఆయనకి తెలియనిదీ కాదు. స్ప్రింగు బిగుసుకుపోయి ఉండకూడదని ట్రిగ్గరు ఒకసారి నొక్కి వదలడం కూడా అలవాటే. అప్పటికి ఎడం చేతిలో పాత బనియను గుడ్డ ఉంది. ఆ గుడ్డతో గొట్టం మూతి పట్టుకుని ఎండిపోయిన గంధం రుద్దుతున్నాడు.

చిన్న తుపాకీకి చిన్న చప్పుడే. పక్కింట్లో ఎవరో పలక కింద పడేశారేమో అనుకున్నాను. నాన్న అరవలేదు. గుడ్డ తీసి అరచేయి చూసుకున్నాడు, మధ్యలో సన్నటి రంధ్రం, అంతే, మొదట నెత్తురు కూడా లేదు. తర్వాత వచ్చింది. ఆయన వేళ్ళు ఒక్కొక్కటీ ముడవడానికి ప్రయత్నించాడు. బొటనవేలు అడ్డంగా రాలేదు. చూపుడు వేలు ముడుచుకోలేదు. కుడిచేతి గోరుతో ఆ వేళ్ళ కొసలు గిచ్చి చూసుకుని, ఎవరికో కేసు వివరిస్తున్నట్టు, "మీడియన్ నెర్వ్ పోయింది," అన్నాడు. ఆ తర్వాతే నేనక్కడ ఉన్నానని గుర్తొచ్చింది.

"నువ్వు లోపలికెళ్ళి అమ్మని టవలు తెమ్మను. పరిగెత్తకు, పడతావు."

ఊళ్ళో సర్జన్ ఆయనొక్కడే కదా. ఆయన చెయ్యి కుట్టేవాళ్ళు ఊళ్ళో లేరు. ఎర్ల్ తన ట్రక్కులో కొండ దాటించి పెద్ద ఊరికి తీసుకెళ్ళాడు. అక్కడ ఒకసారి కోశారు, తర్వాత ఇంకో రాష్ట్రంలో ఇంకోసారి కోశారు. నరం కలిపామన్నారు, ఓపిక పట్టమన్నారు. నాన్న చలికాలమంతా సోఫాలో కూర్చుని ఎడం చేత్తో దారం పట్టుకోవడానికి చూసేవాడు. దారం జారిపోయేది. జారిపోయిందని కూడా ఆయనకి తెలిసేది కాదు, కిందకి చూస్తే గానీ. ఒకరోజు అమ్మ కత్తెర తెచ్చి సోఫా చేతికున్న పాత ముళ్ళన్నీ కత్తిరించి పారేసింది. ఆయన ఏమీ అనలేదు. అలా ఏమీ అనకుండా ఉండటం మా ఇంట్లో అప్పుడే మొదలైంది.

అమ్మ ఒక్కసారే అడిగింది. నేను అన్నం తింటున్నాను.

"అది నేను వేయించిందేనా అండీ?"

"తూటాలన్నీ ఒకేలా ఉంటయ్. ఎప్పటిదో ఏం తెలుసు," అన్నాడు నాన్న.

మనిషిని కాపాడటానికి చెప్పిన అబద్ధం అది. అమ్మకీ తెలుసు. ఆయన కోప్పడి ఉంటే బాగుండేదని, తిట్టి ఉంటే ఏదో ఒక రోజుకి తీరిపోయేదని, చాలా ఏళ్ళ తర్వాత అమ్మ నాతో అంది. ఆయన జీవితంలో ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

మళ్ళీ చలికాలం వచ్చేసరికి కూడా ఆసుపత్రికి వేరే సర్జన్ దొరకలేదు. ఆ కొండల్లోకి ఎవరూ రారు. జనవరిలో ఎర్ల్‌కి కడుపులో పేగు మెలిపడింది. నాన్నే వెళ్ళి చూసి, కుడిచేత్తో పొట్ట తడిమి, ఏం చెయ్యాలో క్షుణ్ణంగా చెప్పి, ఏమీ చెయ్యలేక అంబులెన్సు ఎక్కించాడు. మంచులో కొండ దాటేలోపే ఎర్ల్ పోయాడు. అది నాన్న చెయ్యి వల్లే అని ఊళ్ళో ఒక్కళ్ళు కూడా అనలేదు. అంత మర్యాదస్తులు. సమాధి దగ్గర నాన్న ఎడం చెయ్యి కోటు జేబులో పెట్టుకుని నిలబడ్డాడు, ఆ తర్వాత చివరిదాకా దాన్ని ఎక్కువగా జేబులోనే ఉంచుకున్నాడు. తుపాకీని ఎర్ల్, నాన్న చెయ్యి పోయిన ఆదివారమే పట్టుకుపోయాడు. నదిలో పడేశాడో, ఎవరికిచ్చాడో, ఎవరూ అడగలేదు.

వేసవిలో మేము ఒహాయోకి వెళ్ళిపోయాం. నాన్న ఒక ఇన్సూరెన్స్ ఆఫీసులో కూర్చుని, ఎవరెవరికో ఎవరెవరో చేసిన ఆపరేషన్ల కాగితాలు చదివి అవసరమా కాదా అని రాసేవాడు. నేను జుట్టు పొట్టిగా కత్తిరించుకున్నాను. అడగకుండానే అమ్మ తీసుకెళ్ళి కత్తిరింపించింది. నాన్న పోయి ఆరేళ్ళయింది. ఆ ఊళ్ళో ఆసుపత్రి మూసేశారు, కొట్టు మూసేశారు, స్కూల్ పక్క ఊరి స్కూల్లో కలిసిపోయిందట. హికరీ చెట్లు మాత్రం ఉండే ఉంటాయి, ఉడతలూ ఉండే ఉంటాయి.

పక్కింటాయన తుపాకీ తుడుస్తున్న ఆ శనివారమే మా ఇంట్లో ఆయుధ పూజ. అమ్మ ఇప్పుడు నా దగ్గరే ఉంటుంది. నేను చేతులు కడుక్కుని వచ్చేసరికి హాల్లో బల్ల మీద అన్నీ పేర్చి ఉన్నాయి: నా లాప్‌టాప్, కారు తాళాలు, నా పర్సు, పాత కుట్టు మిషను, స్కూల్ బ్యాండులో వాయించే మా అమ్మాయి క్లారినెట్. మిషనుకి దారం లేదు. గిన్నెలో బియ్యం లేవు.

"అమ్మమ్మా, నా ఫ్రెండ్ అనన్య వాళ్ళింట్లో పర్స్‌లో మనీ పెడతారు. మనది ఎందుకు ఎంప్టీ?" అని అడిగింది మా అమ్మాయి.

"మనింట్లో ఇంతేనమ్మా."

అమ్మ నా పర్సు తీసి తిరగేసి దులిపింది. ప్రతి అరలోనూ వేళ్ళు పెట్టి తడిమి, ఏమీ లేదని తేల్చుకున్నాక బొట్టు పెట్టింది. తర్వాత క్లారినెట్ పెట్టె తెరిచింది. అందులో విడివిడిగా ఉన్న ముక్కల్ని ఒక్కొక్కటే తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళి, వెలుతురుకి ఎదురుగా పట్టుకుని, ఒక కన్ను మూసి, ఆ నల్ల గొట్టంలోంచి అవతలి వెలుగు కనిపించేదాకా చూసింది.